బతుకమ్మకు డీజే వద్దు, ఒక గంట మైకు మాకివ్వండి

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కల్చరల్ కమిటీల వారికి నమస్కారం.

ఇది ఏ ఒక్క సంఘం మీదా ఫిర్యాదు కాదు. ఉగాదైనా, బతుకమ్మైనా, రెండేళ్లకోసారి వచ్చే మహాసభలైనా, ఎవరు జరిపినా కార్యక్రమం ఒకే తీరుగా ఉంటోంది. ఇండియా నుంచి సినిమా వాళ్లు వస్తారు. లైట్లు, ఎల్‌ఈడీ తెర, ట్రాక్ మీద పాట, మధ్యమధ్యలో స్పాన్సర్లకు శాలువాలు. మేం కుర్చీల్లో కూర్చుని ఫోన్లలో వీడియోలు తీసుకుంటాం. నేను అడిగేది చిన్నదే. ప్రతి పెద్ద కార్యక్రమంలో ఒక గంట వేదికను ఖాళీగా వదిలేయండి. ఆ గంటసేపు హాల్లో ఉన్న మేమంతా పాడతాం.

"అందరూ పాడితే వినేదెవరమ్మా?" అని నవ్వకండి. ఆ ప్రశ్నకు మనం ఉంటున్న ఈ దేశంలోనే ఒకాయన డెబ్బై ఏళ్లకు పైగా జవాబు చెప్పారు. ఆయన పేరు పీట్ సీగర్. నేనుండేది న్యూయార్క్‌కు ఉత్తరాన హడ్సన్ నది పక్కన. ఐబీఎం పుణ్యమా అని పకిప్సీ, ఫిష్‌కిల్ చుట్టుపక్కల మనవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. అక్కడికి దగ్గర్లోనే బీకన్ అనే ఊరి కొండ మీద ఆయన 1949లో కొంత స్థలం కొని, దుంగలతో సొంతంగా ఇల్లు కట్టుకున్నారు. 2014 జనవరి 27న, 94 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆయన ఊరు అదే. మనలో చాలామందికి ఆయనెవరో తెలీదు. పాట మాత్రం తెలుసు. ఇండియాలో బడికెళ్లిన మనలో ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాడనివాళ్లు అరుదు. దాని అసలు పాట ‘వి షల్ ఓవర్‌కమ్’ను ఊరూరా జనం చేత పాడించినవాళ్లలో సీగర్ ఒకరు.

ఆ పాట ఆయన రాసింది కాదు. నల్లజాతి వారి చర్చిల్లో పుట్టిన పాట అది. 1945-46లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేసినప్పుడు, పికెటింగ్ దగ్గర ఆడవాళ్లు దాన్ని నెమ్మదిగా సాగదీసి పాడేవారు. వాళ్లు దాన్ని టెన్నెసీలోని హైలాండర్ అనే కార్మిక పాఠశాలకు పట్టుకెళ్లారు. అక్కడ సంగీతం చూసుకునే జిల్ఫియా హార్టన్ దగ్గర 1947లో సీగర్ నేర్చుకున్నారు. 1957లో అదే హైలాండర్ పాతికేళ్ల పండక్కి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ముందు ఆయన దాన్ని పాడారు. 1960లో గై కారవాన్ అనే మరో గాయకుడు నల్లజాతి విద్యార్థుల సమావేశంలో ఎత్తుకున్నాక ఇక అది ఉద్యమం పాటైపోయింది. 1965 మార్చిలో ప్రెసిడెంట్ జాన్సన్ పార్లమెంటు ముందు ఓటు హక్కు చట్టం గురించి మాట్లాడుతూ ఆ పాటలోని మాటే పలికారు. ఆ ఏడాదే అక్టోబర్లో వలస చట్టం మారింది. అంతకుముందు ఇండియాకు దక్కిన కోటా ఏడాదికి 100 మంది. వీసా స్టాంపింగ్ గురించి ఎంత టెన్షన్ పడినా, ఆ క్యూలో నిలబడే అవకాశం మనకు ఎవరి పోరాటాల కాలంలో వచ్చిందో పిల్లలకు చెప్పడానికి ఈ పాట కంటే సులువైన దారి నాకు తోచలేదు.

సీగర్ జీవితం గురించి కొంచెం చెప్పాలి. ఆయన 1919 మే 3న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ సంగీత శాస్త్రవేత్త, తల్లి కాన్‌స్టన్స్ వయొలిన్ విద్వాంసురాలు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించి తండ్రి బర్కిలీలో ప్రొఫెసర్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంటే పొలంలోంచి, గనిలోంచి వచ్చిన జానపదుడు కాదు ఈయన. బాగా చదువుకున్న కుటుంబం. 1936లో తండ్రితో కలిసి నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో జానపద ఉత్సవానికి వెళ్లి ఐదు తీగల బాంజో విన్నారు, అంతే, దానికి అతుక్కుపోయారు. 1938లో హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేశారు. (ఈ వాక్యం మన పిల్లల ముందు గట్టిగా చదవకండి.) వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ దగ్గర చేరి పాత రికార్డులన్నీ విన్నారు. 1940 మార్చిలో వలస కూలీల సహాయార్థం జరిగిన కచేరీలో ఓక్లహోమా గాయకుడు వుడీ గత్రీ పరిచయమయ్యారు. మరుసటేడు ఆల్మనాక్ సింగర్స్ అనే బృందం కట్టి యూనియన్ మీటింగుల్లో పాడటం మొదలుపెట్టారు.

మనకు బాగా దగ్గరగా వచ్చే సంగతి 1942లోది. జపాన్‌తో యుద్ధం ముగిశాక జపాన్ మూలాలున్న వాళ్లందర్నీ, ఇక్కడే పుట్టి పౌరసత్వం ఉన్నవాళ్లతో సహా, దేశం నుంచి పంపించేయాలని కాలిఫోర్నియాలో మాజీ సైనికుల సంఘం ఒకటి తీర్మానం చేసింది. అప్పుడే సైన్యంలో చేరిన సీగర్, ఇది తప్పు, మనం పోరాడుతున్నదే ఇలాంటి ఆలోచనల మీద కదా అని వాళ్లకు ఒక ఉత్తరం ముక్క రాశారు. ఆ ఉత్తరం చూసి సైనిక గూఢచారి విభాగం ఆయన మీద విచారణ మొదలుపెట్టింది. స్కూల్లో టీచర్లను, స్నేహితులను, పెళ్లి చేసుకోబోయే అమ్మాయిని కూడా వదల్లేదు. ఆ అమ్మాయి తోషి ఓటా. తండ్రి జపనీయుడు. 1943లో ఇద్దరికీ పెళ్లయింది, దాదాపు డెబ్బై ఏళ్లు కలిసి బతికారు. ఆయన మీద ఎఫ్‌బీఐ పెంచిన ఫైలు 2015లో బయటకొచ్చింది. 1,700 పేజీలకు పైనే. అంతా మొదలైంది ఎవరినో దేశం నుంచి వెళ్లగొట్టడం తప్పన్న కొన్ని వాక్యాలతో.

1949 సెప్టెంబర్ 4న, మా ఇళ్లకు కొంచెం కిందుగా ఉన్న పీక్స్‌కిల్ దగ్గర, నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కచేరీ జరిగింది. సీగర్ కూడా పాడారు. తిరిగొచ్చే దారిలో అల్లరి మూక కార్ల మీద రాళ్ల వర్షం కురిపించింది. సీగర్ కారులో తోషి, పసిపిల్లలు ఉన్నారు. అద్దాలు పగిలి రాళ్లు లోపల పడ్డాయి. ఆ రాళ్లను ఆయన పారేయలేదు, బీకన్‌లో కడుతున్న ఇంటి చిమ్నీలో పెట్టి కట్టేశారు. కసి తీర్చుకోవడంలో ఇంత నెమ్మదస్తుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

1950లో ఆయన బృందం వీవర్స్ పాడిన ‘గుడ్‌నైట్ ఐరీన్’ 13 వారాలు దేశంలో మొదటి స్థానంలో ఉంది. వాళ్లకు ఆ పాట నేర్పిన నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ ఆ విజయం చూడకుండానే, 1949 డిసెంబర్లో పేదరికంలో పోయారు. వీవర్స్ వైభవం కూడా ఎంతోకాలం నిలవలేదు. కమ్యూనిస్టులన్న ముద్రపడి రేడియో, టీవీ, హోటళ్లు తలుపులు మూశాయి. 1952కల్లా బృందం చెదిరిపోయింది. 1955 ఆగస్టులో ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల’ కమిటీ సీగర్‌ను పిలిచింది. ఎక్కడ పాడావు, ఎవరి కోసం పాడావు, పార్టీలో ఉన్నావా అన్నారు. తన మీద తాను సాక్ష్యం చెప్పక్కర్లేదనే ఐదో సవరణను అడ్డం పెట్టుకుంటే కేసు లేకుండా బయటపడొచ్చు. చాలామంది అదే చేశారు. ఆయన అలా చేయలేదు. నా నమ్మకాల గురించి, నా ఓటు గురించి, నా స్నేహాల గురించి ఏ అమెరికన్‌నూ ఇలా అడగకూడదు, కావాలంటే నేను పాడిన పాటలు పాడి వినిపిస్తాను అన్నారు. కమిటీ వాళ్లు వినలేదు. కోర్టు ధిక్కారం లాంటి నేరం కింద 1957లో 10 అభియోగాలు మోపారు. 1961లో శిక్ష పడింది: పదింటికీ తలా ఏడాది, అన్నీ ఒకేసారి అనుభవించాలి. కోర్టులో కూడా ఒక పాట పాడనివ్వమని అడిగితే జడ్జి కుదరదన్నారు. అభియోగపత్రంలో లోపాలున్నాయని 1962లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ ఐదేళ్లూ దక్షిణ న్యూయార్క్ కోర్టు పరిధి దాటాలంటే ప్రభుత్వానికి చెప్పి వెళ్లాల్సి వచ్చింది. హెచ్-1బీ మీద బతికిన మనలో చాలామందికి ఈ బాధ కొంత అర్థమవుతుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. పెద్ద వేదికలన్నీ మూసేస్తే ఆయన ఎక్కడికి వెళ్లారు? బడులకు, వేసవి శిబిరాలకు, కాలేజీలకు, చర్చి హాళ్లకు. ఇచ్చినంత తీసుకుని పిల్లలతో పాడించారు. స్థానికంగా ఎవరైనా గొడవ చేసేలోపు పాడేసి పక్క ఊరికి వెళ్లిపోయేవారు. ఐదు తీగల బాంజో ఎలా వాయించాలో 1948లోనే సైక్లోస్టైల్ చేసి పుస్తకంగా పంచారు. ఆయన్ను టీవీకి రాకుండా చేసినవాళ్లు లెక్క వేసుకోనిది ఒకటుంది. శిబిరాల్లో ఆయనతో పాడిన పిల్లలే పదేళ్లకు కాలేజీలకొచ్చారు. అరవైల్లో జానపద గీతాల వెల్లువ వాళ్లదే. ఆయన ‘వేర్ హావ్ ఆల్ ద ఫ్లవర్స్ గాన్’ వాళ్ల నోళ్లలోనే దేశమంతా పాకింది.

ఆయన కచేరీ రికార్డులు వినండి, ముఖ్యంగా 1963 జూన్ నాటి కార్నెగీ హాల్ కచేరీ. పాటలో రాబోయే పాదాన్ని ఒక్క క్షణం ముందు మాటల్లో చెప్పేస్తారు, జనం దాన్ని రాగంలో అందుకుంటారు. కాసేపటికి ఆయన గొంతు తగ్గించేస్తారు, హాలే పాడుతూ ఉంటుంది. సిగ్గుపడే జనానికి ధైర్యం చెబుతారు, హాల్లో ఒక పక్కకు ఒక రాగం, ఇంకో పక్కకు ఇంకొకటి పంచిస్తారు. పుస్తకాలు కొనలేని కాలంలో నల్లజాతి చర్చిల్లో, తెల్లవాళ్ల పల్లె చర్చిల్లో కూడా ఇలాగే ఒకరు పాదం చెప్పి అందరూ పాడేవారట.

ఇది మనకు కొత్తా? బతుకమ్మ చుట్టూ ఒకావిడ పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకోవడానికి ఎవరు ట్రైనింగ్ ఇచ్చారు? నాట్లేసేటప్పుడు, చెక్కభజనలో, కోలాటంలో, బుర్రకథలో వంతలు తందాన అన్నప్పుడు ఇదే పద్ధతి. పాట తెలియని వాళ్లు కూడా రెండో చుట్టుకు వచ్చేస్తారు. జగిత్యాలలో మా మేనత్త వందకు పైగా బతుకమ్మ పాటలు కాగితం లేకుండా పాడేది. ఇక్కడ అదే పండుగకు డీజేను పెట్టి, స్పీకర్ మోతలో పక్కావిడ గొంతు కూడా వినపడకుండా చేస్తున్నాం. పండుగ మంచి జోరుగా ఉందంటారు. ఉంది, కాదనను. కానీ ఆ జోరులో పాడేవాళ్లు ఎవరూ లేరు.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగు చదవడం రాదనీ, అందుకే కలిసి పాడించడం కుదరదనీ కల్చరల్ కమిటీ మిత్రులు ఒకరిద్దరు నాతో అన్నారు. పాదం ముందు చెప్పి పాడించే పద్ధతికి చదువుతో పనే లేదు. పొగాకు ఫ్యాక్టరీలో సమ్మె చేసిన ఆడవాళ్లు ఏ షీటూ చూసి పాడలేదు. తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పాట వేసి పిల్లల్ని తడబడేలా చేయడం కంటే ఇదే నయం.

రెండో అభ్యంతరం నాకు ముందే తెలుసు: "అమ్మా, ఈయన కమ్యూనిస్టు కదా, సంఘంలో రాజకీయాలు వద్దు." నిజమే, ఆయన కొంతకాలం పార్టీలో ఉన్నారు. 1941లో పార్టీ యుద్ధం వద్దంటే యుద్ధం వద్దని ఆల్బం పాడారు. హిట్లర్ రష్యా మీద పడగానే ఆ ఆల్బంను వెనక్కి తీసుకున్నారు. అది గాయకుడి పని కాదు, కార్యకర్త పని. నాకు ఆయనలో నచ్చని ఘట్టం అదే. 1949-50 ప్రాంతంలో పార్టీ నుంచి బయటకొచ్చారు. స్టాలిన్ ఎంత క్రూరుడో గుర్తించలేకపోయానని చాలా ఆలస్యంగా, 1993లో రాసిన పుస్తకంలో ఒప్పుకున్నారు. 2007లో స్టాలిన్‌ను దుయ్యబడుతూ పాట కూడా కట్టారు. ఇవన్నీ దాచి ఆయన్ను దేవుణ్ణి చేయమని నేను అడగడం లేదు. రాజకీయాలు వద్దన్న మాట మాత్రం, ఎన్నికలకు ముందు ఇండియా నుంచి వచ్చే ఎమ్మెల్యేలకు పూలదండలు, ఇక్కడి కాంగ్రెస్‌మెన్‌కు ఫోటోలు ఏర్పాటు చేసే కమిటీల నోట వింటే నవ్వొస్తుంది.

మొదట్లో స్పాన్సర్ల శాలువాల సంగతి ఎత్తాను కాబట్టి ఒక చిన్న విషయం. చెదిరిపోయి మళ్లీ కలిసిన వీవర్స్ 1958లో ఒక సిగరెట్ ప్రకటనకు పాడటానికి ఒప్పుకున్నారు. సీగర్ వద్దన్నారు, మిగతావాళ్లు కావాలన్నారు. మాట ప్రకారం వెళ్లి రికార్డింగ్ పూర్తిచేసి, ఆ తర్వాత బృందం నుంచి తప్పుకున్నారు. స్పాన్సర్లు లేకుండా మీ హాలు అద్దె కట్టలేరని తెలుసు. ఆ ఒక్క గంటకు మాత్రం బ్యానర్ వద్దు.

డబ్బు విషయంలో ఇంకో రెండు సంగతులు చెప్పాలి, ఎందుకంటే ఇవి మీరు ఇండియా నుంచి పిలిచే జానపద కళాకారులకు సంబంధించినవి. ‘వి షల్ ఓవర్‌కమ్’ మీద సీగర్, మరో ముగ్గురి పేర్లతో కాపీరైట్ తీసుకున్నప్పుడు, వచ్చే రాయల్టీ అంతా హైలాండర్ చూసుకునే ఒక నిధికి చేరేలా చేశారు. దక్షిణాదిలోని నల్లజాతి వారి సాంస్కృతిక, సామాజిక పనులకు అది వెళ్లేది. 2018లో కోర్టు గొడవ తర్వాత ఆ పాట ఎవరి సొత్తూ కాని ప్రజల పాటైంది. ఇది బాగున్న కథ. బాగోలేని కథ ‘విమొవే’ది. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా 1939లో పాడిన ఆ పాటను వీవర్స్ యాభైల మొదట్లో అమెరికాకు తెచ్చారు. ఆ తర్వాత అది ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అనే సింహం పాటగా ప్రపంచమంతా మారుమోగింది. సీగర్ తన వంతుగా లిండాకు 1,000 డాలర్లు పంపించారు, రాయల్టీ కూడా అందుతుందనుకున్నారు. సరిగా అందలేదు. లిండా 1962లో పేదగానే పోయారు. కుటుంబానికి న్యాయం 2006లో గానీ జరగలేదు. జానపద పాట మీద వచ్చే డబ్బులో కొంత ఆ పాట పుట్టిన చోటికే పోవాలని సీగర్ పదేపదే చెప్పేవారు. మన సభల్లో ఒగ్గుకథ, డప్పు, తప్పెటగుళ్ల కళాకారులకు ఇద్దరు హీరోయిన్ల మధ్య ఎంత టైమ్ దక్కుతోందో, వాళ్ల చేతికి ఎంత ముడుతోందో మీకే తెలుసు. ఆ గంటకు వాళ్లనే ముందుండి పాడించమనండి, సినిమా గాయకులకు ఇచ్చేదాంట్లో సగమైనా ఇవ్వండి.

ఇక నది. అరవైల్లో హడ్సన్‌లో దిగడానికి జనం భయపడేవారు. ఊళ్ల మురుగంతా అందులోకే పోయేది. పైనున్న జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు 1947 నుంచి 1977 దాకా పీసీబీ అనే విష రసాయనాన్ని వదిలాయి, లెక్క 13 లక్షల పౌండ్ల దాకా చెబుతారు. సీగర్ ఏం చేశారు? పాత కాలంలో ఈ నది మీద తిరిగిన తెరచాప పడవల్లాంటిదాన్ని కట్టిద్దాం, అది చూడ్డానికి జనం ఒడ్డుకొస్తే నది గురించి అడుగుతారు అన్నారు. పిచ్చి ఆలోచన అన్నారు చాలామంది. పాటలు పాడి, టోపీ పట్టుకుని చందాలు పోగేసి, 106 అడుగుల ‘క్లియర్‌వాటర్’ను 1969లో మెయిన్ రాష్ట్రంలో నీళ్లలోకి దించారు. మూడేళ్లకు స్వచ్ఛ జల చట్టం వచ్చింది. ఒక్క పడవ వల్లనే వచ్చిందని అనను, కానీ ఆ పడవ వాషింగ్టన్ దాకా వెళ్లి వచ్చింది. ఈనాటికీ బడిపిల్లలు దాని మీదకెక్కి, నలుగురూ కలిసి తాడు లాగి తెరచాప ఎత్తి, వల వేసి చేపల్ని చూసి వదిలేస్తారు. జీఈ కంపెనీ 2009 నుంచి 2015 దాకా నది అడుగును తవ్వి శుభ్రం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఈత కొడుతున్నారు. చేపల పులుసు ప్రియులకు మాత్రం జాగ్రత్త: హడ్సన్ చేపలు 50 ఏళ్ల లోపు ఆడవాళ్లు, 15 ఏళ్ల లోపు పిల్లలు తినొద్దన్న హెచ్చరిక ఇంకా ఉంది. వారాంతాల్లో మనవాళ్లు గాలాలు వేసుకుని వెళ్తుండడం చూస్తుంటాను. సంఘం న్యూస్‌లెటర్‌లో ఇంత ముక్క వేయండి.

అలాంటి మనిషిని దేశం చివరికి ఒప్పుకుంది. 1967లో వియత్నాం యుద్ధం మీద ఆయన పాడిన పాటను కత్తిరించిన సీబీఎస్ టీవీయే మరుసటేడు ప్రసారం చేసింది. 1994లో కెన్నెడీ సెంటర్ సత్కారం, 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారానికి ముందు లింకన్ స్మారకం మెట్ల మీద పాట. అక్కడ కూడా వుడీ గత్రీ పాటలో సాధారణంగా వదిలేసే చరణాలన్నీ వదలకుండా పాడించారు, లక్షలాది జనం చేత. 2011లో, 92 ఏళ్ల వయసులో, రెండు చేతికర్రల సాయంతో వాల్‌స్ట్రీట్ నిరసనకారులతో కలిసి మన్‌హాటన్ వీధుల్లో దాదాపు రెండు మైళ్లు నడిచారు. 2022లో తపాలా బిళ్ల కూడా వేశారు.

ఇప్పుడు పని సంగతి. ఆ గంట ఎలా నడపాలో నేనూ, మా ఊళ్లో ఇంకొంతమంది ఆడవాళ్లూ చూసుకుంటాం. మాకు కావాల్సింది ఒకే ఒక్క మైకు, అదీ పాట ఎత్తుకునే వాళ్ల చేతికి. కుర్చీలు వరసల్లో కాకుండా గుండ్రంగా వేయించండి. ఎల్‌ఈడీ తెర ఆపేయండి. పిల్లల్ని వేరే గదిలో ఆటలకు పంపకుండా మాతోనే ఉంచండి. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, ఉత్తరాంధ్ర జముకుల కథల్లోని పల్లవులు, రాయలసీమ చెక్కభజనలు, చివర్లో ఈ దేశపు పాట ఒకటి. ఎవరి గొంతు ఎలా ఉన్నా పర్లేదు. శ్రుతి తప్పితే తప్పింది, హాలంతా పాడుతుంటే ఎవరికీ తెలీదు.

మహాసభల ప్రోగ్రాం ఈపాటికే ఖరారై ఉంటుందని తెలుసు. అందుకే ముందుగా ఈ ఏడాది బతుకమ్మ అడుగుతున్నాను. డీజేను మొదటి గంట తర్వాత రమ్మనండి, ఆయనకు ఇచ్చే డబ్బేమీ తగ్గించక్కర్లేదు. హాలు బుకింగ్ టైమ్ సరిపోదంటే చెప్పండి, పార్కింగ్ లాట్‌లో పాడుకుంటాం. స్వెటర్లు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
హడ్సన్ లోయలో ఉండే మీ సభ్యురాలు